మీసెన్‌కైమల్ మూలకణములు: ఉపరితల చిహ్నములు, మృదులాస్థి నిర్మాణశక్తి

అస్థిమజ్జ, కొవ్వు, కీళ్లను లోపలివైపున కప్పియుండు సైనోవియల్ పొర, బొడ్డుతాడు మున్నగు కణజాలములనుండి వేరుచేయదగినవియు, ప్రయోగశాలలో ప్లాస్టిక్ పాత్రల అడుగున అంటుకొని కదురు ఆకారముతో పెరుగునవియు, తగిన పరిస్థితులు కల్పించినచో ఎముకకణములుగను, కొవ్వుకణములుగను, మృదులాస్థికణములుగను పరిణమింపగలవియు నగు కణములకు మీసెన్‌కైమల్ మూలకణములని పేరు. వీనినిగూర్చిన శాస్త్రము ఆదినుండియు రెండు ప్రశ్నల చుట్టును తిరుగుచున్నది. ఈ కణములను ఏ గుర్తులనుబట్టి ఆనవాలు పట్టవలెననునది మొదటిది. అట్టి గుర్తులు గల కణము నిజముగా మృదులాస్థిని నిర్మింపగలదా యనునది రెండవది. మొదటిదానికి కణపు పొరమీది అణువులు చాలవరకు సమాధానము చెప్పుచున్నవి. రెండవదానికి ఆ అణువులు సమాధానము చెప్పజాలవని కొన్ని దశాబ్దముల పరిశోధన తేల్చినది.

మృదులాస్థి స్వభావము

కీళ్లయందు ఎముకల కొనలను కప్పియుండు మృదులాస్థి కొద్ది మిల్లీమీటర్ల మందము గల నునుపైన తెల్లని పొర. దాని బరువులో మూడింట రెండువంతులకు తక్కువకాకుండ నీరే యుండును. మిగిలిన పదార్థములో ముఖ్యములైనవి రెండవ తరగతి కొల్లాజెన్ పోగులును, ఆ పోగుల అల్లికలో చిక్కుపడి నీటిని పట్టియుంచు అగ్రికాన్ అను ప్రోటియోగ్లైకానును. కొల్లాజెన్ లాగుడును తట్టుకొనగా, అగ్రికాన్ ఒత్తిడిని భరించును. ఇందు రక్తనాళములు లేవు, నాడులు లేవు. కణములు సైతము మొత్తము పరిమాణములో కొద్ది శాతమే. గాయపడినచోటికి రక్తముద్వారా రావలసిన సహాయము రాకపోవుటయు, ఉన్న కొద్ది కణములు దట్టమైన పదార్థములో బందీలై కదలలేకుండుటయు ఈ కణజాలము తనంతట తాను పూడుకొనకపోవుటకు ప్రధానకారణములు. మృదులాస్థి ఒకసారి చెడిన పిదప తిరిగి బాగుపడదని విలియం హంటర్ 1743లోనే లండనులోని రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించియుండెను.

ఈ లోపమును తీర్చుటకు స్వీడన్ దేశమున గోథెన్‌బర్గ్ నగరమందలి మాట్స్ బ్రిట్‌బర్గ్, లార్స్ పీటర్సన్ మొదలగువారు రోగి మోకాలిలోని ఆరోగ్యభాగమునుండి కొన్ని మృదులాస్థికణములను తీసి, ప్రయోగశాలలో పెంచి, దెబ్బతిన్న చోట తిరిగి నాటు పద్ధతిని 1994లో ప్రకటించిరి. ఈ పద్ధతికి రెండు ఇబ్బందులు కలవు. ఒకటి, పాడైనదానిని బాగుచేయుటకు బాగున్నదానిని గాయపరచవలసి వచ్చుట. రెండవది, ప్లాస్టిక్‌పై చదునుగా పరచి పెంచిన మృదులాస్థికణములు రెండవ తరగతి కొల్లాజెన్‌ను మాని మొదటి తరగతి కొల్లాజెన్‌ను తయారుచేయుచు తమ స్వభావమును కోల్పోవుట. కావున సులభముగా లభించి, విస్తారముగా పెరిగి, కోరినప్పుడు మృదులాస్థిగా మారగల కణములకై వైద్యుల దృష్టి మజ్జవైపు మరలినది.

చరిత్ర

మాస్కోలోని గమలేయా సంస్థయందు అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టైన్ 1960, 1970 దశకములలో చేసిన ప్రయోగములు ఈ రంగమునకు పునాది. ఆయన మజ్జను పాత్రలలో పోసి, తేలియాడు రక్తకణములను కడిగివేయగా, అడుగున అంటుకొని మిగిలిన కణములు అక్కడక్కడ గుంపులుగా పెరుగుట గమనించెను. ఒక్కొక్క గుంపు ఒక్కొక్క కణమునుండి పుట్టినదని నిరూపించి, ఆ కణములను తిరిగి జంతువుల శరీరములో ప్రవేశపెట్టినప్పుడు ఎముక ఏర్పడుటను చూపెను. మజ్జలోని ఏకకేంద్రక కణములలో పదివేలకో లక్షకో ఒకటి మాత్రమే ఇట్టి గుంపును పుట్టింపగలదు. పిమ్మట ఆక్స్‌ఫర్డ్‌లో మౌరీన్ ఓవెన్ ఈ భావమును విస్తరింపజేయగా, అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయాచార్యుడగు ఆర్నాల్డ్ కాప్లాన్ 1991లో ప్రచురించిన వ్యాసముతో మీసెన్‌కైమల్ మూలకణములను పేరు వాడుకలోనికి వచ్చినది. 1999లో మార్క్ పిట్టెంజర్ మొదలగువారు పెద్దల మజ్జనుండి తీసిన ఈ కణములు ఎముక, కొవ్వు, మృదులాస్థి మార్గములు మూడింటను నడువగలవని సైన్స్ పత్రికలో చూపిరి. పాత్రలో పెరిగిన ప్రతి కణమునకును మూలకణత్వము రుజువు కాలేదను ఆక్షేపణనుబట్టి అంతర్జాతీయ కణచికిత్సా సంఘము 2005లో వీనిని మీసెన్‌కైమల్ స్ట్రోమల్ కణములని పిలువవలెనని సూచించినది. ఈ వ్యాసమున పాత పేరే వాడబడినది.

ఉపరితల చిహ్నములు

కణపు పొరనుండి వెలికి పొడుచుకొనియుండు ప్రోటీన్లును, చక్కెర గొలుసులును ప్రతి కణజాతికిని ఒక ప్రత్యేకమైన కూర్పుతో నుండును. 1975లో కేంబ్రిడ్జియందు కోలర్, మిల్‌స్టీన్‌లు ఏకక్లోన్ ప్రతిరక్షకములను తయారుచేయు విధానమును కనుగొనుటతో, ఈ అణువులను ఒక్కొక్కదానిని విడివిడిగా గుర్తించుట సాధ్యమైనది. ఒకే అణువును వేర్వేరు ప్రయోగశాలలు వేర్వేరు పేర్లతో పిలుచుట వలన కలిగిన గందరగోళమును తొలగించుటకు 1982లో పారిస్‌లో జరిగిన సమావేశము సీడీ సంఖ్యలను ప్రవేశపెట్టినది. క్లీవ్‌లాండ్‌లో హేన్స్‌వర్త్ మొదలగువారు 1992లో మజ్జకణములపై పనిచేయునవిగా ప్రకటించిన ఎస్‌హెచ్2, ఎస్‌హెచ్3, ఎస్‌హెచ్4 అను ప్రతిరక్షకములలో మొదటిది పట్టుకొను అణువు సీడీ105 అనియు, తక్కిన రెండును పట్టుకొనునది సీడీ73 అనియు తరువాత తేలినది.

2006లో డొమినిచి మొదలగువారు అంతర్జాతీయ కణచికిత్సా సంఘము పక్షమున ప్రకటించిన కనీస ప్రమాణములు నేటికిని ప్రామాణికములు. వాని ప్రకారము కణములు ప్లాస్టిక్‌కు అంటుకొనవలెను. నూటికి 95కు తక్కువకాకుండ కణములపై సీడీ105, సీడీ73, సీడీ90 ఉండవలెను. సీడీ45, సీడీ34, సీడీ14 లేక సీడీ11బి, సీడీ79ఆల్ఫా లేక సీడీ19, హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ అనునవి నూటికి 2కు మించిన కణములపై ఉండరాదు. ప్రయోగశాలలో ఎముక, కొవ్వు, మృదులాస్థి కణములుగా మారు శక్తి చూపవలెను.

ఈ అణువులు కేవలము గుర్తింపు కొరకై ఏర్పడినవి కావు. ఒక్కొక్కదానికి శరీరములో ఒక్కొక్క పని కలదు. సీడీ105కు ఎండోగ్లిన్ అని మరియొక పేరు. ఇది రూపాంతరకారక వృద్ధికారకమగు టీజీఎఫ్-బీటాకు సహాయక గ్రాహకము; దీని జన్యువు చెడినచో వంశానుగతమైన ఒక రక్తనాళవ్యాధి కలుగును. సీడీ73 కణము వెలుపల ఏఎంపీని అడెనోసిన్‌గా మార్చు ఎంజైము. సీడీ90 అను థై-1 మొదట ఎలుకల థైమస్ కణములపై కనబడినది. ప్రమాణములలో చేరకున్నను తరచు పరీక్షింపబడు సీడీ44 హయాలురోనిక్ ఆమ్లమునకు గ్రాహకము. నిషేధచిహ్నములలో సీడీ45 తెల్లరక్తకణములకును, సీడీ34 రక్తోత్పాదక కణములకును, సీడీ14 మోనోసైట్లకును, సీడీ19 బి-కణములకును గుర్తులు. ఈ రెండవ జాబితా ముఖ్యప్రయోజనము మజ్జతో పాటు వచ్చిన రక్తకణములు పెంపకములో మిగిలిపోలేదని నిశ్చయించుటయే.

చిహ్నములను లెక్కించుటకు ఫ్లో సైటోమెట్రీ వాడుదురు. పాత్రకు అంటియున్న కణములను ట్రిప్సిన్ అను ఎంజైముతో విడదీసి, కాంతినిచ్చు రంగులు తగిలించిన ప్రతిరక్షకములతో కలిపి, సన్నని ద్రవధారలో ఒకదాని వెంట ఒకటిగా లేజర్ కిరణము ముందునుండి పోనిత్తురు. కిరణము తగిలినప్పుడు రంగునుబట్టి వెలువడు వెలుగును యంత్రము కణకణమునకు నమోదుచేయును. ట్రిప్సిన్‌ను అవసరమునకు మించి ఉంచినచో కొన్ని చిహ్నములు తెగిపోవును. చనిపోయిన కణములను వేరొక రంగుతో గుర్తించి లెక్కనుండి తొలగింపకున్నచో, అవి ఏ ప్రతిరక్షకమునైనను పీల్చుకొని తప్పుడు ఫలితమిచ్చును. నూటికి 95 అను అంకె ఎన్ని కణములపై ఆ చిహ్నమున్నదో తెలుపునే కాని, ఒక్కొక్క కణముపై ఎంత దట్టముగా నున్నదో తెలుపదు.

చిహ్నములు స్థిరములును కావు. కొవ్వునుండి అప్పుడే తీసిన కణములపై సీడీ34 కనబడి, పెంపకములో క్రమముగా మరుగగును. ఇంటర్‌ఫెరాన్-గామా తగిలినచో అంతవరకు లేని హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ పొరమీదికి వచ్చును. మజ్జలో మూలకణములను నేరుగా ఏరుకొనుటకు ఎంతో ఉపకరించు సీడీ271 కొన్నాళ్ల పెంపకములోనే తగ్గిపోవును.

మృదులాస్థి పరీక్ష

మృదులాస్థిని నిర్మించు శక్తిని పరీక్షించుటకు సర్వత్ర వాడుకలో నున్నది గుళిక పెంపకము. 1998లో జాన్‌స్టన్, యూ మొదలగువారు దీనిని మొదట కుందేలు మజ్జకణములతోను, పిమ్మట మానవకణములతోను స్థిరపరచిరి. రెండులక్షల నుండి రెండున్నర లక్షల కణములను, అంటుకొనుటకు వీలులేని పాలీప్రొపిలీన్ గొట్టములో పోసి, సెంట్రిఫ్యూజ్ యంత్రమున నెమ్మదిగా త్రిప్పి అడుగున చేర్చుదురు. ఒకటి రెండు దినములలో కణములు తమలో తాము పట్టుకొని, గొట్టపు గోడనుండి విడివడి, గుండ్రని ముద్దగా మారును. సీరమ్ లేని, గ్లూకోజు హెచ్చుగా గల మాధ్యమములో ఇన్సులిన్, ట్రాన్స్‌ఫెరిన్, సెలీనియం, పైరువేట్, ప్రోలిన్, విటమిన్ సి యొక్క స్థిరమైన ఫాస్ఫేటు రూపము, 100 నానోమోలార్ డెక్సామెథసోన్, మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల టీజీఎఫ్-బీటా1 గాని టీజీఎఫ్-బీటా3 గాని కలిపి, రెండు మూడు దినములకొకసారి మార్చుచుందురు. మూడువారములు గడచునప్పటికి ఫలితము చక్కగా నున్నచో గుళిక ఆవగింజంతయై, తెల్లగా మెరయుచు, పట్టకారతో నొక్కిన గట్టిగా తగులును. విఫలమైనచో చిన్నదిగా ముడుచుకొని, మధ్యలో కణములు చచ్చి, సులభముగా చిదుగును.

గుళికను పలుచని పొరలుగా కోసి ఆల్షియన్ బ్లూ, సఫ్రానిన్-ఓ, టోల్యుడిన్ బ్లూ అను రంగులతో పరీక్షింతురు. టోల్యుడిన్ బ్లూ ప్రోటియోగ్లైకానులు గలచోట నీలిరంగు విడిచి ఊదారంగు దాల్చును. రెండవ తరగతి కొల్లాజెన్‌ను ప్రతిరక్షకములతో చూపుట, సల్ఫేటు చక్కెరలను డైమిథైల్‌మిథైలీన్ బ్లూ రంగుతో కొలిచి, డీఎన్‌ఏ పరిమాణముతో భాగించుట ఈ పరీక్షకు తక్కిన అంగములు. కణసంఖ్య మాత్రమే పెరిగిన గుళికను మృదులాస్థి పెరిగిన గుళికగా భ్రమింపకుండుటకు ఆ భాగహారము అవసరము.

కణములోపలి మార్పు ఒక క్రమమున నడచును. గర్భమందలి పిండమున అవయవములు ఏర్పడునప్పటివలె మొదట కణములు గుమిగూడి ఎన్-కాడ్హెరిన్ అను అంటు ప్రోటీనుతో ఒకదానినొకటి పట్టుకొనును. టీజీఎఫ్-బీటా తన గ్రాహకములద్వారా స్మాడ్2, స్మాడ్3 అను దూతలను ప్రేరేపించును. అవి సాక్స్9 అను నియామక ప్రోటీనుకు బలము చేకూర్చును. సాక్స్5, సాక్స్6లతో కూడి సాక్స్9 రెండవ తరగతి కొల్లాజెన్, అగ్రికాన్ జన్యువులను నడుపును. సాక్స్9 జన్యువు ఒక ప్రతిలో చెడినంతమాత్రమున మానవశిశువునకు అస్థిపంజరము వంకరపోయి కాంపోమెలిక్ డిస్‌ప్లాసియా అను తీవ్రవ్యాధి కలుగునన్న 1994 నాటి ఆవిష్కరణ దీని ప్రాముఖ్యమునకు సాక్ష్యము.

చిహ్నములకును శక్తికిని గల సంబంధము

టీజీఎఫ్-బీటా మృదులాస్థికి మూలప్రేరకము; ఎండోగ్లిన్ ఆ ప్రేరకమునకు గ్రాహకసహాయకము. కావున సీడీ105 హెచ్చుగా గల కణములు మృదులాస్థిని బాగుగా నిర్మించునని ఊహించుట సహజమైనది. సైనోవియల్ పొరనుండి సీడీ105 గల కణములను ఏరి మృదులాస్థి కణములవంటివానిని పొందినట్లు కొందరు ప్రకటించిరి కూడ. ఐనను పెంచిన మజ్జకణములను సీడీ105 పరిమాణమునుబట్టి విడదీసి గుళికలుగా పెంచిన 2016 నాటి పరిశోధన, ఆ చిహ్నము హెచ్చుతగ్గులు మృదులాస్థి హెచ్చుతగ్గులను ముందుగా తెలుపవని తేల్చినది.

దీనికి కారణములు స్పష్టములు. పెంపకములో నున్న కణములలో దాదాపు అన్నిటిపైనను సీడీ73, సీడీ90, సీడీ105 ఉండును; అందరికిని ఉన్న గుణము కొందరిని వేరుచేయజాలదు. చర్మమునుండి తీసిన సాధారణ ఫైబ్రోబ్లాస్టులును ఇవే చిహ్నములు ధరించును. మృదులాస్థికణములను సైతము ప్లాస్టిక్‌పై పెంచినచో సీడీ90, సీడీ105, సీడీ166లు వానిపై పెరుగునని 2005లో తేలినది. అనగా ఈ చిహ్నములు కొంతవరకు కణజాతికి గాక, ప్లాస్టిక్‌పై విస్తరించుచున్న స్థితికి గుర్తులు. ఒకే పాత్రలోని కణములు సమానములును కావు: 2000లో మురాలియా మొదలగువారు ఒక్కొక్క కణమునుండి పెంచిన సంతతులను పరీక్షింపగా, వానిలో సుమారు మూడోవంతు మాత్రమే మూడు మార్గములకును సమర్థములై, తక్కినవానిలో చాలభాగము కొవ్వుగా మారు శక్తిని కోల్పోయి కనబడినవి. చిహ్నముల పట్టికలో మాత్రము అట్టి తేడాకు చోటులేదు.

మెరుగైన చిహ్నములకొరకు అన్వేషణ సాగుచునే యున్నది. సీడీ271, స్ట్రో-1, ఎంఎస్‌సీఏ-1 వంటివి మజ్జలోని అరుదైన మూలకణములను సాంద్రపరచుటకు ఉపకరించును. రోమ్‌లో పావోలో బియాంకో బృందము 2007లో మజ్జ రక్తనాళముల గోడలయందలి సీడీ146 గల కణములు ఎలుకలలో నాటగా ఎముకను, దానిలో మజ్జకు ఆధారమైన నేలను తిరిగి నిర్మించునని చూపెను. స్టాన్‌ఫర్డ్ బృందము 2018లో వర్ణించిన మానవ అస్థిపంజర మూలకణము పొడోప్లానిన్, సీడీ73, సీడీ164లు కలిగి, సీడీ146 లేనిదై, ఎముకను, మృదులాస్థిని, మజ్జస్ట్రోమాను నిర్మించుచు కొవ్వును మాత్రము నిర్మింపనిదిగా తేలినది. ఒకచోట ఉండవలసిన చిహ్నము మరియొకచోట ఉండరాని చిహ్నమగుట ఇచ్చట గమనింపదగినది. మూలకణము ఒక్కటే జాతి గాదనియు, శరీరములోని వేర్వేరు స్థానములయందు వేర్వేరు కుదుళ్లు గలవనియు దీనివలన ఊహింపవలసియున్నది.

మూలస్థానమునుబట్టి భేదములు

ఒకే చిహ్నములు గల కణములు పుట్టినచోటునుబట్టి భిన్నముగా ప్రవర్తించును. జపాన్‌లో సకగుచి, సెకియ మొదలగువారు 2005లో మజ్జ, సైనోవియల్ పొర, ఎముకపైపొర, కొవ్వు, కండరములనుండి మానవకణములను తీసి పోల్చి, మృదులాస్థి నిర్మాణములో సైనోవియల్ కణములే మిన్నయని తేల్చిరి. కొవ్వునుండి తీసిన కణములు సమృద్ధిగా లభించును; కాని టీజీఎఫ్-బీటాకు మాత్రమే లోబడి అవి మంచి గుళికను కట్టవు; బీఎంపీ-6 అను మరియొక వృద్ధికారకము కూడ చేర్చినప్పుడు వాని సామర్థ్యము మెరుగుపడును. పెంచుకాలములో ఎఫ్‌జీఎఫ్-2 అను వృద్ధికారకమును చేర్చుట మజ్జకణముల మృదులాస్థిశక్తిని నిలుపుటకు తోడ్పడును. దాత, పాత్రనుండి పాత్రకు మార్పిడుల సంఖ్య, పెంచుటకు వాడు సీరమ్ సరకు మారినకొలదియు ఫలితము మారుట ఈ రంగమున నిత్యానుభవము. అందుచేత పనికివచ్చు సీరమ్ దొరికినప్పుడు ప్రయోగశాలలు ఆ సరకునే పెద్దమొత్తమున కొని నిలువచేసికొనుట పరిపాటి.

అతివృద్ధి సమస్య

గుళికయందు మృదులాస్థి ఏర్పడినంతమాత్రమున కార్యము ముగియలేదు. ఎదుగుచున్న పిల్లల ఎముకల కొనలలో మృదులాస్థి మొదట ఏర్పడి, కణములు ఉబ్బి, పదవ తరగతి కొల్లాజెన్‌ను, ఎంఎంపీ-13 అను ఎంజైమును తయారుచేసి, సున్నము పట్టి, తుదకు ఎముకకు చోటిచ్చును. మజ్జనుండి పుట్టిన గుళికలు స్వభావముచే ఈ మార్గమునే అనుసరించును. పదవ తరగతి కొల్లాజెన్ వానియందు తొలివారములలోనే కనబడును. 2006లో హైడెల్‌బర్గ్‌లోని రిక్టర్ బృందము మూలకణ గుళికలను, కీలు మృదులాస్థికణముల గుళికలను రోగనిరోధకశక్తి లేని ఎలుకల చర్మము క్రింద నాటగా, మొదటివానికి సున్నము పట్టి రక్తనాళములు చొచ్చినవి. రెండవవి మృదులాస్థిగానే నిలిచినవి. నాటుటకు ముందు ఆ రెండుజాతుల గుళికలును రెండవ తరగతి కొల్లాజెన్‌తో నిండియున్నవే.

పీటీహెచ్‌ఆర్‌పీ అను ప్రోటీనుతోను, ప్రాణవాయువును తగ్గించియు, ఒత్తిడి కలిగించు యంత్రములలో పెంచియు ఈ ఉబ్బును అణచు యత్నములు జరుగుచున్నవి. మరికొందరు ఈ లోపమునే గుణముగా గైకొని, ఉబ్బిన గుళికలను నాటి ఎముకను పుట్టించుటకు పూనుకొనిరి; బాసెల్ నగర పరిశోధకులు 2010లో ఈ మార్గమున మజ్జతో కూడిన ఎముకను ఎలుకలలో పొందిరి.

చికిత్సారంగము

జపాన్‌కు చెందిన వకితని 1994లో కుందేళ్ల మోకాళ్లలోని లోపములను ఈ కణములతో పూరించి, 2002లో మోకాలి ఆస్టియోఆర్థ్రైటిస్ రోగులయందు వానిని వాడిన ఫలితములను ప్రకటించెను. దక్షిణ కొరియా ప్రభుత్వము 2012లో బొడ్డుతాటి రక్తపు కణములతో తయారైన కార్టిస్టెమ్ అను ఉత్పత్తిని మోకాలి మృదులాస్థి లోపములకు అనుమతించినది. భారతదేశమున భారత వైద్యపరిశోధన మండలి, జీవసాంకేతిక శాఖలు 2017లో వెలువరించిన జాతీయ మార్గదర్శకములు, రక్తవ్యాధులకు చేయు రక్తోత్పాదక మూలకణముల మార్పిడిని మాత్రమే స్థిరపడిన చికిత్సగా పరిగణించి, తక్కినవానినన్నిటిని అనుమతి పొందిన వైద్యపరీక్షల పరిధిలోనే వాడవలెనని విధించినవి. 2022లో బెంగళూరులోని స్టెంప్యూటిక్స్ సంస్థవారి మజ్జకణముల ఉత్పత్తికి మోకాలి ఆస్టియోఆర్థ్రైటిస్ విషయమున ఔషధ నియంత్రణాధికారుల అనుమతి లభించినది.

కీలులోనికి సూదితో ఎక్కించిన కణములలో అధికభాగము కొద్దికాలమునకే మాయమగును. నొప్పి తగ్గుట కనబడినచోట దానికి ఆ కణములు స్రవించు ద్రవ్యములే ముఖ్యకారణమని పలువురు భావించుచున్నారు. కాప్లాన్ తాను ప్రచారమునకు తెచ్చిన పేరును మార్చవలెనని 2017లో వాదించినదియు ఇందుకే. నొప్పిని తగ్గించుట వేరు, కొత్త మృదులాస్థిని నిర్మించుట వేరు; ఈ రెండు ప్రయోజనములకును ఒకే పరీక్ష సరిపోదు. సూదిమందుగా ఇచ్చు కణములకు చిహ్నముల పట్టికతో పాటు స్రావముల కొలతయు కావలెను. గాయమును పూరించుటకు ఉద్దేశించిన కణములకు మూడువారముల గుళికయు, అది సజీవదేహములో సున్నము పట్టకుండ నిలుచునను రుజువును కావలెను. కనుక చికిత్సకు పూనుకొను వైద్యుడు సీడీ సంఖ్యలు గల నివేదికను కణముల శుద్ధికి సాక్ష్యముగా స్వీకరింపవచ్చును. వాని నిర్మాణశక్తికి మాత్రము ఆ నివేదికను ప్రమాణముగా గైకొనరాదు.